అత్తమామల కోసం పడకగదిని సిద్ధం చేయాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కూకట్‌పల్లిలో 13 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో మీ ఇల్లు ఉంది. ఇన్నాళ్లూ సామాన్లు వేసుకున్న 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గల గదిని, సంక్రాంతి తర్వాత కరీంనగర్ నుంచి వచ్చి ఇక మీ దగ్గరే ఉండబోతున్న మీ అత్తమ్మ గారికి, మామయ్య గారికి పడకగదిగా మార్చాలనుకుంటున్నారు. చేతిలో 2 లక్షల రూపాయలు ఉన్నాయి. ఒకరు ఫాల్స్ సీలింగుతో మొదలుపెట్టమన్నారు, మరొకరు ఒక గోడకు వాల్‌పేపరు వేయిస్తే గది రూపే మారిపోతుందన్నారు. బాత్‌రూమును ఆనుకున్న గోడకు కింది భాగంలో రంగు పెచ్చులు లేస్తోందని ప్రశ్న చివర ఒక్క వాక్యంలో రాశారు.

నా సమాధానం ఆ చివరి వాక్యం దగ్గరే మొదలవుతుంది. ముందు గోడలో చెమ్మ, తర్వాత కరెంటు పని, ఆ తర్వాత చెక్కపని, అన్నిటికన్నా చివర రంగు. ఫాల్స్ సీలింగు, వాల్‌పేపరు ఈ గదికి అవసరం లేదు. మీ 2 లక్షలు ఈ వరుసలో ఖర్చుపెడితే సరిపోతాయి. వరుస తప్పితే మాత్రం చేసిన పనినే పగలగొట్టి మళ్లీ చేయించుకోవలసి వస్తుంది, అప్పుడు 3 లక్షలు కూడా చాలవు. నేను 22 ఏళ్లుగా హైదరాబాదులో ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను. రెండోసారి నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువ భాగం ఈ వరుస తప్పినవే.

చెమ్మను తేలికగా తీసుకోవద్దని ఎందుకంటున్నానో చెబుతాను. చాలా ఏళ్ల కిందట మల్కాజిగిరిలో ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. అక్కడా ఇలాగే బాత్‌రూము పక్క గోడ అడుగున రెండడుగుల ఎత్తు వరకు రంగు ఉబ్బి ఉంది. గీకించి, లప్పం పెట్టించి, చెమ్మను ఆపుతుందని చెప్పే ఖరీదైన ప్రైమరు వేయించి, పైన మంచి రంగు వేయించాను. ఫిబ్రవరిలో పని ముగిసింది, ఇంటివారు ఎంతో సంతోషించారు. ఆగస్టులో ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే గోడ మీద అరచేయంత బుడగలు ఉన్నాయి. ఒక బుడగను వేలితో నొక్కగానే లోపలి నుంచి తెల్లటి పొడి జలజలా రాలింది. అది గోడలోని నీటితోపాటు బయటికి వచ్చి, నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు. బాత్‌రూములో నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ గొట్టం) చుట్టూ అతుకు వదులై, స్నానం చేసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా నీరు టైల్స్ కిందికి, అక్కడి నుంచి గోడలోకి పోతోంది. సిమెంటు పూతలోని సన్నని రంధ్రాల గుండా నీరు దీపపు వత్తిలో నూనెలాగా పైకి ఎక్కుతుంది. ఈ పక్క నుంచి ఎంత మంచి రంగు వేసినా, లోపలి నుంచి తోసుకొచ్చే నీటిని అది ఆపలేదు. తప్పు నాదే కాబట్టి ఆ గోడ ఖర్చు నేనే భరించాను. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు బాత్‌రూమును చూసి, తర్వాతే గదిలోకి అడుగుపెడుతున్నాను.

మీరు ఈ వారంలోనే చేయగలిగిన పరీక్షలు మూడు ఉన్నాయి, వాటికి ఎవరినీ పిలవనక్కరలేదు. మొదట గదిని పూర్తిగా ఖాళీ చేయండి. సామాన్లు ఒక మూలకు జరిపితే సరిపోదు, ఎందుకంటే చెమ్మ తరచుగా ఆ మూలనే ఉంటుంది. తర్వాత ఒక రూపాయి బిళ్ల తీసుకొని గోడ మీద అడుగు నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు జానెడు దూరానికి ఒకసారి తట్టుతూ పోండి. గట్టి శబ్దం వచ్చిన చోట పూత బాగుంది. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత ఇటుకను వదిలేసింది, అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. మూడోది, రెండడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును ఆ గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీటు విప్పినప్పుడు గోడ వైపు నీటి బిందువులుంటే తడి గోడలో ఉంది. బయటి వైపే తేమ ఉంటే అది గదిలోని గాలి తేమ, కిటికీలు తెరిస్తే పోతుంది.

గోడలోనే తడి ఉందని తేలితే, వీలైతే ఆ బాత్‌రూమును నాలుగైదు రోజులు అసలు వాడకుండా ఆపి చూడండి. మచ్చ రంగు తగ్గుతుంటే స్నానపు నీరు కారణం. తగ్గకపోతే, గోడలో పోయే నీటి పైపులో కారుడు ఉండవచ్చు, లేదా పై అంతస్తు బాత్‌రూము నుంచి దిగుతూ ఉండవచ్చు. పై అంతస్తు నుంచి అయితే అపార్ట్‌మెంటు సంఘాన్ని మధ్యలో ఉంచుకొని వారితో మాట్లాడవలసి ఉంటుంది, దానికి వారాలు పడుతుంది కనుక ఆ మాట ఇప్పుడే ఎత్తండి. కారణం మీ బాత్‌రూమే అయితే మరమ్మతు బాత్‌రూము వైపు నుంచే జరగాలి. ట్రాప్ చుట్టూ తెరిచి కీలు సరిచేయించి, వాటర్‌ప్రూఫింగు వేయించి, టైల్స్ సందులను ఎపాక్సీ గ్రౌటుతో నింపించాలి. ఆ తర్వాతే గది వైపు డొల్లగా ఉన్న పూతను ఇటుక కనిపించేదాకా తీయించి కొత్త పూత వేయించాలి. కొత్త సిమెంటు పూతను వారం రోజులు తడుపుతూ ఉండాలి, మొత్తం మీద 28 రోజులు గడిచాకే దాని మీద లప్పం పెట్టాలి. మేస్త్రీ మూడు రోజులకే ఆరిపోయిందని అంటాడు, పైకి అలాగే కనిపిస్తుంది కూడా. అయినా తొందరపడవద్దు. పూత కలపడానికి ఉప్పు ఎక్కువగా ఉన్న బోరు నీరు కాకుండా నల్లా నీరు వాడమనండి. బోరు నీటిలోని ఉప్పు కూడా తర్వాత గోడ మీదికే తేలుతుంది.

ఇప్పుడు గదిలో ఉండబోయేవారి గురించి. ఇది యువ దంపతుల గది అయితే నా సమాధానం కొంత వేరుగా ఉండేది. పెద్దవారి గదిలో అందం కన్నా ముందు చూడవలసినది, రాత్రి రెండు గంటలకు వారు లేచి బాత్‌రూముకు వెళ్లి మళ్లీ వచ్చి పడుకునే దారి. ఆ దారిని మీరు ఒకసారి చీకటిలో నడిచి చూడండి.

తార్నాకలో ఒక పెద్దావిడ గదికి రంగులు వేయించడానికి వెళ్లినప్పుడు, మంచం పక్క గోడ మీద నేల నుంచి మూడడుగుల ఎత్తులో నూనె మరక లాంటి నల్లటి గుర్తు ఒకటి కనిపించింది. బాత్‌రూము తలుపు పక్కన సరిగ్గా అదే ఎత్తులో ఇంకొకటి ఉంది. పెయింటరు వాటిని మురికి అనుకొని ఎమరీ కాగితంతో రుద్దబోయాడు. నేను ఆపాను. ఆవిడ ఏళ్ల తరబడి లేచేటప్పుడు చేయి ఆనించుకున్న చోట్లు అవి. ఆ రెండు గుర్తుల మీదనే స్టీలు పట్టుకడ్డీలు బిగించాము, ఆవిడ చేయి వెతుక్కోకుండా నేరుగా వాటి మీదికే వెళ్లింది. మీ అత్తమామలు దసరాకు మీ ఇంటికి వస్తే, వారిని ఆ గదిలో నాలుగు రోజులు పాత మంచం మీదనే పడుకోనివ్వండి. వారు ఎటువైపు నుంచి లేస్తారో, దేన్ని పట్టుకుంటారో, నీళ్ల గ్లాసు, కళ్లద్దాలు, మందులు ఎక్కడ పెడతారో చూసి రాసుకోండి. ఏ డిజైనరు వేసిన బొమ్మ కన్నా ఆ కాగితం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

కొలతలు మీ గదికి అనుకూలంగానే ఉన్నాయి. మంచం తల వైపును 11 అడుగుల గోడకు పెడితే, 5 అడుగుల వెడల్పు మంచానికి రెండు పక్కలా మూడేసి అడుగులు మిగులుతుంది. చేతికర్రతో నడిచేవారికైనా అది చాలు. పొడవు వైపు 12 అడుగుల్లో మంచానికి ఆరున్నర, ఎదురు గోడకు అల్మారా పెడితే దానికి 2 అడుగులు పోను, మధ్యలో మూడున్నర అడుగులు ఉంటుంది. తలుపులు ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పుకు మించకుండా చేయిస్తే తెరిచినప్పుడు కూడా మనిషి నిలబడగలడు. డబుల్ కాటుకు బదులు రెండు సింగిల్ మంచాలు మధ్యలో చిన్న బల్లతో వేయడం గురించి కూడా వారిని అడిగి చూడండి. ఒకరు రాత్రి నాలుగుసార్లు లేచేవారయితే రెండోవారి నిద్ర చెడదు. ఏది వేసినా, పరుపుతో కలిపి మంచం ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు ఉండేలా చూడండి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. కింద సామాన్లు పెట్టుకోవడానికి పెట్టె ఉన్న మంచాలు ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు గాని, పరుపును ఎత్తి సామాను తీయడం పెద్దవారికి సాధ్యం కాదు. పాత వార్తాపత్రికలను మంచం కొలతకు, అల్మారా కొలతకు అంటించి నేల మీద పరిచి, వాటి చుట్టూ తిరిగి చూడండి. కాగితం మీద సరిపోయినట్లు కనిపించే గది నేల మీద ఇరుకుగా తేలిన సందర్భాలు నేను చాలా చూశాను.

కరెంటు పనిలో నేను పట్టుబట్టేవి కొన్నే ఉన్నాయి. గదిలో దీపానికి స్విచ్ తలుపు దగ్గర ఒకటి, మంచం పక్కన ఒకటి, రెండింటితోనూ వెలిగేలా, ఆరేలా ఉండాలి. మంచం పక్క స్విచ్చులు, ప్లగ్గులు పడుకున్నవారి చేయి చాచితే అందే ఎత్తులో, నేల నుంచి రెండడుగుల పైచిలుకు ఉండాలి. బాత్‌రూముకు పోయే దారిలో నేలకు అడుగు ఎత్తున చిన్న రాత్రి దీపం ఒకటి పెట్టించండి. పెద్ద దీపం వేస్తే కళ్లు చెదిరి నిద్ర చెడుతుంది, ఏదీ వేయకపోతే కాలు తట్టుకుంటుంది. వయసుతో కంటిపాప చిన్నదై, లోపలి కటకం పసుపుబారుతుంది కనుక మనకు సరిపోయే వెలుతురు వారికి మసకగా ఉంటుంది. అందువల్ల చదువుకునే చోట, అల్మారా ముందు ప్రత్యేకంగా దీపాలు ఉండాలి. ఏసీ పెట్టే ఆలోచన ఇప్పుడు లేకపోయినా, దానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరును మెయిన్ బోర్డు నుంచి విడిగా, దానికంటూ ఒక ఎంసీబీతో (కరెంటు భారం మించితే దానంతట అదే ఆగిపోయే స్విచ్) ఇప్పుడే లాగించి పెట్టండి. ఏసీ గాలి నేరుగా మంచం మీదికి కొట్టని గోడను ఎంచుకోండి, నీటి పైపుకు బయటి వైపు వాలు ఉందో లేదో చూసుకోండి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించండి, తడి చేతులతో స్విచ్ ముట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. గోడలో గాడులు కొట్టేటప్పుడు నిలువుగానే కొట్టించండి. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడవైన గాడి కొడితే గోడ బలం తగ్గుతుంది. స్తంభాలను, బీములను ముట్టనివ్వవద్దు. దీపాలు, స్విచ్చులు కోఠి దగ్గర ట్రూప్ బజారులో ఒకేచోట పోల్చి చూసుకోవచ్చు. అయితే వైరు మాత్రం ఐఎస్ఐ గుర్తు చూసి, బిల్లుతోనే కొనండి.

ఫాల్స్ సీలింగు ఎందుకు వద్దంటున్నానంటే, మీ అపార్ట్‌మెంటులో నేల నుంచి సీలింగు వరకు తొమ్మిదిన్నర అడుగులు ఉందని రాశారు. ఫాల్స్ సీలింగుతో ఆ ఎత్తు కనీసం నాలుగైదు అంగుళాలు తగ్గుతుంది, హైదరాబాదు ఎండల్లో వేడి గాలి పోవడానికి ఉన్న ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది, ఫ్యాను ఇంకా కిందికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పై అంతస్తు నుంచి నీరు దిగితే జిప్సం బోర్డు మచ్చపడి ఉబ్బేదాకా మీకు తెలియదు. ఆ డబ్బు బాత్‌రూముకు పెట్టండి. వాల్‌పేపరు సంగతి ఇంకా తేలిక. చెమ్మ చరిత్ర ఉన్న గోడకు అది నిలవదు.

ఇక చెక్కపని. మీ ఖర్చులో పెద్ద భాగం ఇదే, మోసపోవడానికి ఎక్కువ అవకాశమున్నదీ ఇక్కడే. ప్లైవుడ్ మీద ముద్ర చూడకుండా ఒక్క షీటు కూడా దించుకోవద్దు. నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710, సాధారణ రకానికి ఐఎస్ 303 అని భారత ప్రమాణపు ముద్ర ఉంటుంది. ఐఎస్ 303లో మళ్లీ రెండు తరగతులు ఉన్నాయి. ఎంఆర్ అన్నది గాలిలోని తేమను మాత్రమే తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ అన్నది మరుగు నీటిని కొంతవరకు తట్టుకుంటుంది. మీ గదికి అల్మారా అడుగు భాగం, నేల నుంచి రెండడుగుల వరకు నిలువు పలకలు 710, మిగిలినది 303 బీడబ్ల్యూఆర్ అయితే చాలు. అంతా మెరైన్ వేయించడం డబ్బు దండగ. మన ఇళ్లలో రోజూ నేల తడిగుడ్డతో తుడుస్తారు, పండగలకు కడుగుతారు. కనుక అల్మారాను నేరుగా నేల మీద నిలబెట్టకుండా కింద నాలుగు అంగుళాల ఎత్తున గ్రానైటు ముక్కలతో దిమ్మె కట్టించి దాని మీద కూర్చోబెట్టండి. పదేళ్ల తర్వాత కూడా అడుగు పలక ఉబ్బకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తెలియదు.

అల్మారా లోతు విషయంలో బేరం వద్దు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటివారు నడవడానికి చోటు మిగలాలని పట్టుబట్టి 18 అంగుళాల లోతుతో చేయించుకున్నారు. బట్టలు తగిలించే హ్యాంగరే 17 అంగుళాలకు పైగా ఉంటుంది. తలుపు మూసుకోక, చొక్కాలన్నీ పక్కకు తిప్పి తగిలించుకోవలసి వచ్చింది. లోపల 21 అంగుళాలు, తలుపుతో కలిపి 24 అంగుళాలు ఉండాలి. పెద్దవారు రోజూ వాడే అరలన్నీ నేల నుంచి రెండడుగులకు, అయిదడుగులకు మధ్యనే ఉండాలి. వంగకుండా, చేతులు తల పైకి ఎత్తకుండా అందే మేర అదే. మామయ్య గారు పంచెలు కడతారా, అత్తమ్మ గారివి చీరలే ఎక్కువా అన్నదాన్ని బట్టి అరలు ఎక్కువ, తగిలించే చోటు తక్కువ చేయించండి. మడతపెట్టిన చీరల దొంతరకు 12 అంగుళాల ఎత్తు అర సరిపోతుంది. అంతకన్నా ఎత్తయిన అరలో దొంతర కూలిపోతుంది. కీళ్ల నొప్పులున్న వేళ్లకు గుండ్రటి చిన్న గుబ్బ పట్టు దొరకదు, నాలుగు వేళ్లూ దూరే పిడులు పెట్టించండి. మందులకు, కాగితాలకు తాళం ఉన్న సొరుగు ఒకటి, దేవుడి పటానికి తూర్పు ముఖంగా కంటి ఎత్తున చిన్న అర ఒకటి అడిగి పెట్టించండి. ఈ అర సంగతి చాలామంది చివర గుర్తుచేసుకుంటారు, అప్పుడు గోడకు మేకు కొడతారు.

ధర మాట్లాడేటప్పుడు చదరపు అడుగు అంటే దేన్ని లెక్కిస్తున్నారో ముందే కాగితం మీద రాయించుకోండి. 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అల్మారా అంటే ముందు వైపు 49 చదరపు అడుగులు. లోపలి అరలు, సొరుగులు, లోపల లామినేటు, పిడులు, తలుపు బందులు, దిమ్మె అందులో కలిసి ఉన్నాయా, విడిగా లెక్కకడతారా అన్నది రాతలో లేకపోతే చివర గొడవ తప్పదు. పని విలువలో పదో వంతు డబ్బు, అల్మారా వాడకంలోకి వచ్చిన నెల తర్వాత ఇస్తానని మొదటే చెప్పండి. తలుపులు కుంగడం, సొరుగులు బిగుసుకోవడం ఆ నెలలోనే బయటపడతాయి. మంచి పనివాడు ఈ షరతుకు అభ్యంతరం చెప్పడు.

రంగు గురించి మీరు చాలా అడిగారు. నేను తక్కువే చెబుతాను, ఎందుకంటే గోడ సిద్ధమయ్యాక రంగు తేలిక. షేడ్ కార్డులో అంగుళం ముక్క చూసి నిర్ణయించవద్దు. నచ్చిన రెండు రంగుల చిన్న డబ్బాలు తెచ్చి, కిటికీ ఎదురు గోడ మీద, కిటికీ పక్క గోడ మీద రెండడుగుల చదరాలు వేయించి, పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగు గంటల ఎండలో ఒకసారి, రాత్రి దీపాల వెలుతురులో ఒకసారి చూడండి. ఎమల్షన్ (నీటితో కలిపి వేసే గోడ రంగు) తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక కొంచెం ముదురుతుంది. కిటికీ పడమటి వైపు ఉందన్నారు కనుక పసుపు, నారింజ ఛాయలు సాయంత్రం మరీ వేడిగా కనిపిస్తాయి. లేత ఆకుపచ్చ, మీగడ తెలుపు ఆ గదికి నప్పుతాయి. ఒక చిన్న మాట కూడా గుర్తుంచుకోండి. గోడ, తలుపు, స్విచ్ బోర్డు, నేల అన్నీ ఒకే లేత రంగులో ఉంటే చూపు తగ్గినవారికి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. తలుపు చట్రానికి, నేల అంచు పట్టీకి గోడ కన్నా ముదురు రంగు ఇవ్వండి.

లెక్క ఇలా ఉంటుంది. నాలుగు గోడల చుట్టుకొలత 46 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర. తలుపులు, కిటికీ, అల్మారా పోను రంగు వేయవలసినది సుమారు 335 చదరపు అడుగులు, సీలింగు 132. బాగా సిద్ధం చేసిన గోడ మీద లీటరు ఎమల్షన్ రెండుసార్లు వేస్తే 60 చదరపు అడుగుల దాకా వస్తుంది. అంటే గోడలకు 6 లీటర్లు, సీలింగుకు రెండున్నర లీటర్ల లోపు. పెయింటరు 20 లీటర్ల బకెట్టు అడిగితే ఈ లెక్క చూపించండి. కలిపించిన రంగు మొత్తం ఒకేసారి కొనండి, తర్వాత కొన్న డబ్బాలో రంగు ఇసుమంత తేడా రావచ్చు. లప్పం, ప్రైమరు, మొదటి కోటు చెక్కపనికి ముందు, చివరి కోటు చెక్కపని దుమ్మంతా తుడిచాక వేయించండి.

పాత తలుపులకు, కిటికీ ఊచలకు ఉన్న ఎనామిల్‌ను (నూనె రంగును) పొడిగా రుద్దనివ్వవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. మీ ఇల్లు అంతకు ముందుది కనుక ఆ పాత రంగులో సీసం ఉండవచ్చు. తడిపి రుద్దమనండి, ఆ సమయంలో పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు. తీసిన పూత, టైల్స్ ముక్కలు సంచుల్లో నింపి రోడ్డు పక్కన వదిలేయవద్దు. నిర్మాణ వ్యర్థాలను జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలకు తరలించే ఏర్పాటు నగరంలో ఉంది, రుసుము కట్టి పంపవచ్చు.

బాత్‌రూము ఎలాగూ తెరుస్తున్నారు కనుక రెండు పనులు కలుపుకోండి. గదికి, బాత్‌రూముకు మధ్య గడప ఎత్తు వీలైనంత తగ్గించి, దాని అంచుకు ముదురు రంగు పట్టీ వేయించండి. కమోడు పక్కన, స్నానం చేసే చోట పట్టుకడ్డీలు పెట్టించండి. వాటిని టైల్స్‌కు మాత్రమే బిగిస్తే బరువు పడగానే ఊడి వస్తాయి, వెనక ఇటుకలోకి దిగే బోల్టులతో బిగించాలి. తలుపు గడియ బయటి నుంచి కూడా తెరవగలిగినది అయి ఉండాలి.

డబ్బు పంపకం నేనైతే ఇలా చేస్తాను: చెమ్మ మరమ్మతుకు 15 వేలు, కరెంటుకు 25 వేలు, చెక్కపనికి 85 వేలు, రంగుకు 20 వేలు, గడప, పట్టుకడ్డీలు, బాత్‌రూము చిల్లర పనులకు 15 వేలు, తెరలు, దీపాలకు 15 వేలు. మిగిలిన 25 వేలను దేనికీ కేటాయించకుండా పక్కన పెట్టండి. గోడ తెరిచాక ఏం కనిపిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మంచం, పరుపు, ఏసీ ఇందులో లేవు. మంచం ఇంట్లో ఉన్నదే వాడతానన్నారు, ఎత్తు సరిచేయించుకుంటే అది చాలు.

కాలం విషయానికి వస్తే, ఇప్పుడు సెప్టెంబరు కావడం మీకు మేలు. వానల్లోనే చెమ్మ నిజం చెబుతుంది. ఈ నెలలో పరీక్షలు, బాత్‌రూము మరమ్మతు, కరెంటు గాడులు, కొత్త పూత ముగించండి. అక్టోబరు అంతా గోడ ఆరనివ్వండి. దసరాకు వచ్చే అత్తమామలు ఆ గదిలో పడుకోవాలంటే కొత్త పూత వేసిన గోడకు దూరంగా మంచం వేయండి. దసరా, దీపావళి ముందు పెయింటర్లు దొరకరు, దొరికినా తొందరగా ముగించి ఇంకో ఇంటికి పరిగెత్తుతారు. వడ్రంగుల్లో రాజస్థాన్ నుంచి వచ్చినవారు చాలామంది దీపావళికి ఊరు వెళ్తారు. అందుకని చెక్కపని దీపావళి తర్వాతే మొదలుపెట్టించండి, దానికి మూడు వారాలు పడుతుంది. డిసెంబరు రెండో వారానికి చివరి కోటు పూర్తి కావాలి. సంక్రాంతికి వారం ముందు నుంచే పనివారు సొంతూళ్లకు బయలుదేరుతారు, అప్పుడు మిగిలిపోయిన చిన్న పని నెలాఖరుదాకా మిగిలే ఉంటుంది. డిసెంబరు మధ్య నుంచి కిటికీలు, అల్మారా తలుపులు, సొరుగులు రోజంతా తెరిచి ఉంచండి. కొత్త రంగు, ప్లైవుడ్ జిగురు వాసనలు పెద్దవారి ఊపిరికి మంచివి కావు, మామయ్య గారికి ఆయాసం ఉందని రాశారు కనుక కనీసం మూడు వారాలు గదికి గాలి ఆడాలి.

ఒక్క విషయం మాత్రం నేను ఇప్పుడు తేల్చలేను. అల్మారాకు అనువైన గోడ కొలతల ప్రకారం బాత్‌రూమును ఆనుకున్నదే అయితే, మరమ్మతు చేసినా ఒక వానాకాలం గడిచేదాకా దాన్ని కప్పేయడానికి నాకు మనసొప్పదు. అల్మారా వెనక చెమ్మ తిరిగి వస్తే ప్లైవుడ్ కుళ్లేదాకా కనిపించదు. ఆ పరిస్థితిలో మంచం తల వైపును మార్చి, అల్మారాను ఎదురు గోడకు పెట్టాలి, అప్పుడు స్విచ్చుల స్థానాలన్నీ మారతాయి. కాబట్టి కరెంటు గాడులు కొట్టించే ముందే ప్లాస్టిక్ షీటు పరీక్షలో నీరు ఏ వైపు కనిపించిందో, గది తలుపు, బాత్‌రూము తలుపు, కిటికీ ఏ గోడకు మూల నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో ఇక్కడ రాయండి. మంచం, అల్మారా, స్విచ్చులు ఎక్కడ రావాలో కొలతలతో సహా చెబుతాను.